పైసల కోసమే

మిర్యాలగూడ మిల్లుల తవుడు దుమ్ము ఊడుస్తుంటే
కొంగు ముడిల ఫోను గుర్రుమన్నది.
పన్నెండు వేలు.
మూడు నెలలది ఒక్కసారే పడ్డది.
చీపురు ఆడనే గోడకానిచ్చి
కాటా కాడి పిలగానితోని మల్లోసారి చదివిచ్చుకున్న.
"సున్నాలు సరిగ్గనే ఉన్నయ్ పెద్దమ్మా" అన్నడు.

పోరడొచ్చి పద్నాలుగు నెలలు.
నల్లగొండ ఆఫీసుల, మెట్ల కింద బల్ల మీద
బనీను అంచు నములుకుంట కూసున్నడు ఆ దినం.
ఫారం నింపే మేడమ్ అడిగింది:
"పిల్లవానికి మీరేమైతరు?"
నేను మా ఆయన దిక్కు చూసిన.
ఆయన ఫ్యాను దిక్కు చూసిండు.
ఉన్నది చెప్తే ఇస్తరో ఇయ్యరో.
"ఏం గాము" అన్న.
ఆమె నవ్వలె. గదే రాసుకున్నది.

సాకేటందుకు చుట్టరికం అక్కర్లేదంట.
కాయితాలు కావాలంట.
ఆధారు, ఇంటి ఫొటో, దావఖాన చీటీ,
మా మీద ఏ కేసూ లేదని ఠాణాల ఒక ముద్ర.
ఆ ముద్ర కోసం పోయిన నాలుగు దినాల కూలి
ఏ పద్దులకూ రాలె.

రెండో రాత్రి వాడు "యాడీ" అని ఉలిక్కిపడి లేచిండు.
మాకు వాని మాట రాదు.
పక్క బజార్ల కూరగాయలమ్మే చాందీబాయిని
దుప్పటితోనే లేపుకొచ్చిన.
"అమ్మ అంటున్నడు" అన్నది.
చెవిల ఏందో చెప్పింది, పండుకున్నడు.
నేను పండుకోలె.

తెల్లారి రెండు మాటలు నేర్చుకున్న.
పాణి అంటే నీళ్లు, బాటి అంటే రొట్టె.
భయపడకు అనేది ఇంక నోరు తిరగలె.
యాడీ అంటే మాత్రం పలకొద్దనుకున్న.
ఆమె ఉన్నది.
ఎర్రగడ్డ దావఖానల ఆమె పేరున ఒక మంచం ఉన్నది.

నల్లా కాడ బిందెలు లైనుల ఉంటయ్, మాటలు లైనుల ఉండవు.
"సర్కారు పైసల కోసం తెచ్చుకున్నది" అన్నరు.
మొదట్ల కొట్లాడిన.
ఒట్లు పెట్టుకున్న. ఇంటికొచ్చి ఏడ్సిన.
ఇప్పుడు బిందె దించకుంటనే అంటున్న:
అవును. పైసల కోసమే.
ఆ నాలుగు వేలు లేకుంటే వద్దనే అందును.
మేడమ్ మెట్ల కింద చూపిస్తుంటే
తల దించుకుని బస్సెక్కుదును.
ఆ నాలుగు వేలు ఉన్నయనే
తల ఎత్తి వాని మొఖం చూసిన.
మెల్లకన్నుకు అద్దాలు అండ్లకెల్లి వచ్చినయ్.
చెవుల చీము అండ్లకెల్లి ఎండింది.
పొద్దుగాల గుడ్డు, పొద్దుమీకి ట్యూషను
అన్నీ గా పైసలే.
ఇంక చెప్పాల్నా?

రాని నెలలూ ఉంటయ్.
ఫోను చేస్తే "బడ్జెట్ రాలేదమ్మా" అంటరు.
బడ్జెట్ ఎరుకలేనోడు గిలాస పట్టుకుని
పాల కోసం నిలబడతడు.
కిరాణం రంగయ్య పుస్తకంల
మా పేజీ ఎన్కకు తిరుగుతది.

బ్యాంకు పుస్తకం మీద
వాని పేరు ముందు, నా పేరు ఎన్క.
రమావత్ జైపాల్, తర్వాత నేను.
ఎవని పేరన్న నా ముందుంటే నాకు పడదు.
గిదొక్కటి బాగనే ఉన్నది.

ఇయ్యాల మిల్లు ఇడిసినంక
రంగయ్యకు ఏడు వేలు కట్టిన.
మిగిలినయ్ కొంగుల కట్టుకుని
సాగర్ రోడ్డు మీద చెప్పుల దుకాణంకు పోయిన.
దుకాణపాయన పోరని పాదం పట్టి చూసి
"పదకొండు సరిపోతది" అన్నడు.
"పన్నెండు ఇయ్యి" అన్న.

కాయితంల గడువు మార్చి దాకనే.
మల్ల కమిటీ కూసుంటది.
వాళ్లమ్మకు బరువు పెరుగుతున్నదంట, మంచిదే.
ఎవరింట్ల ఉన్నా పాదమైతే ఆగదు గద.

ముందల ఖాళీకి పాత పేపరు ఉండజుట్టి కుక్కిన.
వాడు వాకిట్ల ఈ కొస నుంచి ఆ కొసకు
టపటపమని నడుస్తుండు.
చప్పుడు తనదేనా అని
ఆగి ఆగి కిందికి చూసుకుంటుండు.