పేక

నలభై ఆరేళ్లు
దీపానికి తోక ఉంటుందనే అనుకున్నాను.
మార్గిలాన్ బజారులో ప్రతి వీధిదీపమూ
పైకో చార, కిందికో చార గీసుకుని నిలబడేది.
అందరికీ అంతే కాబోలు, ఎవరినీ అడగలేదు.
ఆకలి నీకెలా వేస్తుందని ఎవరినైనా అడుగుతామా?

బళ్లో, రెండు నిలువు కర్రల మధ్య
అడ్డగీత ఎటు వాలిందో తేలక
మూడు అక్షరాలను ఒకటే చేసి చదివేవాణ్ణి.
మొద్దు అన్నారు.
మగ్గం ముందు కూర్చోబెట్టారు.

పడుగు నాతో ఎన్నడూ అబద్ధమాడలేదు,
పోగు పోగుకీ నడుమ గాలి కూడా కనిపించేది.
పేకే మసక.
తల పక్కకి వాలిస్తే కాస్త తేలేది.
"మగ్గానికి చెవి ఒగ్గి ఏం వింటున్నావు?"
అని నవ్వేది మునవ్వర్.

ఫెర్గానా కొట్టువాడు తాను తిప్పి పంపాడు,
మూడో మూర దగ్గర పేక వదిలేశావని.
వేలితో తడిమాను. నిజమే.

అద్దాల గదిలో గోడ మీద
గడియారం ముళ్లన్నీ ఒకేసారి పరిచిన బొమ్మ.
"ఏవి నల్లగా ఉన్నాయి?"
పన్నెండూ, ఆరూ.
మూడూ తొమ్మిదీ ఉతికి ఉతికి వెలిశాయి.
"అన్నిటికీ ఒకటే సిరా, చాచా" అంది గుల్‌చెహ్రా.

మధ్యాహ్నానికి తెచ్చుకున్న కర్బూజా చేతిలోకి తీసుకుంది.
కంటి ముందుపొర బంతిలా ఉండాలట,
నాది ఇలా కోలగా, ఒకవైపే వంపు ఎక్కువ.
"జబ్బేం కాదు. బస్సెక్కి చూడు,
ముగ్గురిలో ఒకరికి ఎంతో కొంత ఉంటుంది."
ముగ్గురిలో ఒకరు!
ఎన్ని బస్సులెక్కాను నేను,
ఎంతమంది తోకదీపాల వాళ్ల పక్కన కూర్చున్నాను.

అద్దాన్ని తిప్పి తిప్పి
నూట ఎనభై దగ్గర ఆపింది.
మొదటిరోజు నేల వాలింది, మెట్టు ఎత్తు తప్పింది.
బజారులో దీపాలన్నీ తోకలు తెగి
బొత్తాల్లా మిగిలాయి.
కొంచెం బెంగగానే ఉంది.

నా భయమంతా బట్ట గురించే.
మా పట్టులో రంగుకి గట్టు ఉండదు.
ముడి కింద నుంచి ఎరుపు పాకి
తెలుపులోకి మెల్లగా వాలుతుంది,
దాన్ని మేం మబ్బు అంటాం.
అదీ నా కంటి వంపేనేమో,
ఈ గాజు దాన్ని కడిగేస్తుందేమో.

దీపం దగ్గరికి జరుపుకుని చూశాను.
పేక లేచి నిలబడింది, వరస వరసా.
వదిలేసిన చోటు నోట్లో ఊడిన పన్నులా ఉంది.
మబ్బు మాత్రం కదల్లేదు.
ఎరుపు అలాగే, తొందరేం లేకుండా,
తెలుపులోకి పాకుతోంది.

మునవ్వర్‌ని కేకేసి చూపించాను.
"ఎప్పుడూ అలాగే ఉంది కదా" అంది,
టీ పోస్తూ.