గుడి దీర్ఘం

పదకొండింటి పంటు దిగి వచ్చింది కంతేటి సువార్త,
సంచి నిండా దారపు జంతువులు,
చెప్పుల నిండా రేవు బురద.
"మాకో బొమ్మ కావాలండి.
చీటీ మీదా, సంచి మీదా, ఫోన్లో గుండ్రంగానూ
ఒకటే మొహం కనపడాలి."

నరసాపురం స్టీమర్ రోడ్డులో నా కొట్టు.
ఒకప్పుడు బ్రష్షు: రొయ్యల మేత బోర్డులు,
పడవల నుదుటి మీద పేర్లు.
ఇప్పుడు మౌసు.
చెయ్యి అదే, వణుకు మాత్రం కొత్తది.

మొదట ఓ పిల్లని గీశాను:
పెద్ద కళ్ళు, రెండు జడలు, చేతిలో సూది.
"ఎవరండీ ఈవిడ? మాలో ఎవరూ ఇంత ఖాళీగా నవ్వరు.
పైగా మాది సూది కాదు, కొక్కెం."
నెమలిని గీస్తే చీరల కవరంది.
హంసని గీస్తే అగరొత్తులంది.
కొబ్బరిచెట్టు దగ్గర నేనే ఆగిపోయాను.

టీ తెప్పించాను. అది చల్లారేలోగా చెప్పింది:
"మా అమ్మ కాలంలో లేసు డజన్ల లెక్కన పోయేదండి,
ఏజెంటు మూటగట్టి, పేరు లేకుండా.
ఏ దేశాల్లో ఏ బల్లల మీద పరిచారో.
మా ఇంట్లో బల్లే లేదు."

డబ్బుల కోసం వెతుకుతుంటే
సంచి అడుగు నుంచి ఓ పీత జారి
కీబోర్డు మీద పడింది.
ఎర్ర నూలు. కళ్ళకి రెండు ముడులు.
ఒక డెక్క బుడ్డది,
ఒకటి దాని ఒంటికంటే పెద్దది.
"అది అమ్మకానికి కాదులెండి. చిట్టెమ్మత్త అల్లింది.
కంట్లో పొర, గొలుసుల లెక్క తప్పింది."

నేను పీతని చూశాను.
పీత పక్కకి చూసింది.
"ఇదే" అన్నాను.

సువార్త పకపకా నవ్వింది.
"సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అంటారు గదండి.
సీతకి ఊరూరా గుడుంది. పీతకేదండీ?"
పేరు కూడా అప్పుడే పుట్టింది:
పీతమ్మ అల్లికలు.

బొమ్మ గీయడమంటే సగం తీసెయ్యడమే.
నూలు పీచు తీశాను, నీడ తీశాను, నవ్వు తీశాను.
చీటీ బొటనవేలి గోరంత,
కాళ్ళు ముద్దైపోతున్నాయని రెండు కోసేశాను.
మర్నాడు ఫోన్లో పదమూడు గొంతులు ఒక్కసారే:
"పీతకి కాళ్ళు ఎనిమిదండీ!"
లెక్క వాళ్ళ కూడు. ఎవరితో ఆటలు?
ఎనిమిదీ పెట్టాను, వెంట్రుక సన్నాన.

డెక్కలు రెండూ సమానం చెయ్యడం ఒక్క నొక్కు పని.
వేలు దాకా వెళ్ళి వెనక్కి తీసుకున్నాను.
కానీ పెద్ద డెక్క పేరుకి అడ్డొస్తోందని
మొత్తం పీతనే ఎడమకి తిప్పేశాను.
ఎవరికి తెలుస్తుంది?

ఐదువందల చీటీలు నేయించి
సఖినేటిపల్లి పట్టుకెళ్ళాను.
అరుగు మీద అందరూ మూగారు,
ఒకరి చీటీ ఒకరు లాక్కున్నారు.
చిట్టెమ్మ మాత్రం చూడలేదు,
బొటనవేలు కింద పెట్టుకుని మెల్లిగా తడిమింది.
"పెద్ద చెయ్యి కుడేపు గదా బాబూ నేనల్లింది."
ఎవరూ మాట్లాడలేదు.
"పోన్లే. దానికీ అలవాటవుద్ది" అంది
కొక్కెం మళ్ళీ దారంలోకి దింపుతూ.

తిరుగు పంటులో పోటు ఎక్కువ.
వశిష్ఠ మీద మా పంటు కూడా
పక్కకే నడిచింది, పీతలాగ.

కొట్టు తీశాను. లైటెయ్యకుండానే కంప్యూటరు పెట్టాను.
పీతని తిప్పాను మళ్ళీ కుడికి.
పెద్ద డెక్క తిన్నగా వెళ్ళి
'పీ' నెత్తినున్న గుడిని పట్టుకుంది.

అక్షరాన్ని జరుపుదామని చెయ్యి పెట్టి
జరపలేదు.
పాత చీటీల డబ్బు నా లెక్కలో రాసుకుని
కొత్త ఐదువందలకి కబురు పెట్టాను.