పట్టా తెగిన చోట

వన్నూరప్ప వస్తాండాడంట అనంతపురానికి.
గుంతకల్లు స్టేషన్ రోడ్డులో గోడగోడకీ వాని మొగమే,
కొత్త గడ్డం, పాత క్లారినెట్టు.
గడ్డాన్ని కాదు, క్లారినెట్టును గుర్తుపట్టినా.
కింది మీట దగ్గర రాగితీగ చుట్టు ఇంకా అట్లే ఉంది.
ఉరవకొండ పెండ్లిలో అది ఊడిపోతే
సైకిల్ షాపు ముందర కుక్కురుగాళ్ల మీద కూచోని
నేను చుట్టిందే.

నలుగురం చీటీ వేసి కొన్యాము దాన్ని.
తొమ్మిదో నెల వాడు మద్రాసు రైలెక్కినాడు.
మిగిలిన కంతులు ముగ్గురం కట్టినాము.
ఊదేవాడు లేని మేళాన్ని పెండ్లికి ఎవడు పిలుస్తాడు?
హంపన్న పెద్దబూర అమ్ముకోని
ఎర్రచొక్కా మీద కూలీ బిళ్ళ తగిలించుకున్యాడు.
ఖలందర్ పెండ్లాము తాళాల్లో ఒకదాన్ని
కుండ మీద మూతేసింది.
సంకటికి ఎసరు కాగినప్పుడల్లా
అది సన్నగా మోగేది.

టీవీలో ఎవరో అడిగినారు, ఆ పాట ఎట్ల పుట్టిందని.
"ఒక రాత్రి, ఒంటరిగా, ప్లాట్‌ఫారం మీద" అన్నాడు.
ఒంటరిగానంట!
ఆదోని పెండ్లి ముగించుకోని, ప్యాసింజరు తప్పిపోయి,
ఒకే తువ్వాల్లో బొరుగులు పోసుకోని తింటాంటిమి.
హంపన్న కూనిరాగం తీసినాడు,
వాళ్లమ్మ చెనిక్కాయలు వలుస్తా పాడేది.
వాడు అందుకున్యాడు. నేను డ్రమ్ము తగిలించుకున్యా.
సగంలో భుజం మీద పట్టా తెగింది.
దొర్లుకుంటా పోతాంది డ్రమ్ము, రైలు పట్టాల దిక్కు.
నేను ఎనకాల ఉరుకుతాంటే పాట ఆగింది.
నవ్వినాము. మళ్ళీ మొదలైంది.
"ఆడ ఆగితేనే బాగుందప్పా" అన్నాడు ఖలందర్.
ఆ పొద్దు నుంచి ప్రతి పెండ్లిలో
ఆడ ఆగినాము.

సినిమాలో అది మొదటిసారి విన్నది టీ హోటల్లో.
నలభై వయొలిన్లు, ఎన్ని డప్పులో లెక్క తెలీదు.
ఆ చోటికి వచ్చేసరికి ఏమీ లేదు.
సందు అట్లే ఇడిసిపెట్టినాడు.
గ్లాసు చేతిలోనే చల్లారిపాయ.

పేపరాయన వస్తే "వాడు దొంగ" అన్న్యా. అచ్చేసినారు.
మరుసటి నెల ముగ్గురికీ మనియార్డర్లు వచ్చినాయి.
హంపన్న తిప్పి పంపినాడు. ఖలందర్ కూడా.
నేను సంతకం పెట్టి తీసుకున్యా.
ఇంటికి రేకులు ఏపిచ్చినా.
ఈనాటికీ హంపన్నకు చెప్పలేదు.
వచ్చినప్పుడల్లా ఆ రేకుల కిందే కూచోబెట్టి
టీ పోస్తా.

ఇప్పుడు మూడు పాసులు పంపినాడు, పేర్లు రాసి.
ఒకటి ఖలందర్ పేరు మీద.
ఖలందర్ పోయిన పీర్ల పండగకే పోయినాడు.
ఆ రోజు ఫోన్ చేసినా.
ఎవరో పిల్లోడు ఎత్తి "విషయం ఏందండీ" అన్నాడు.
"ఏం లే" అని పెట్టేసినా.
ఎవరి తప్పో నువ్వే చెప్పు.

హంపన్న రానన్నాడు, రాత్రి డ్యూటీ అని.
డ్యూటీ లేదని నాకు తెలుసు.
ఒక్కన్నే పోయినా. లోపలికి పోలేదు.
గేటు బయట మిరపకాయ బజ్జీల బండి పక్కన నిలబడినా,
మూడు పాసులూ జోబీలోనే.

ఆ పాట వచ్చింది. ఆ చోటు వచ్చింది.
ఆగినాడు.
అయిపోయిందనుకోని జనం చప్పట్లు కొట్టినారు.
ఇంకా మొదలుపెట్టలేదు.
"తాళం తప్పినాడు పెద్దాయన" అని
బజ్జీలాయన గంటెతో బాండ్లి తట్టినాడు.
నేను లెక్కపెట్టుకుంటాండా:
డ్రమ్ము పట్టాల దాకా దొర్లుకుంటా పోయి,
నేను ఉరికి, దాన్ని పట్టుకోని,
ఆయాసపడుకుంటా వాళ్ల దగ్గరికి వచ్చేంత సేపు.

తెల్లారి హంపన్న వచ్చి రేకుల కింద కూచున్యాడు.
టీ సగం తాగినాక అడిగినాడు,
"ఎట్ల వాయించినాడు?"
"ఊపిరి తగ్గిందప్పా వానికి" అన్న్యా.