ఒక్క ‘ట’

బ్రోకెన్ హిల్‌లో, క్లోరైడ్ వీధి మలుపులో,
వెండిగని కూలీలు ఒకప్పుడు సమ్మె తీర్మానాలు చదివిన హాల్లో
సప్తచంద్ర గణతంత్రం వారి ధైర్యశాఖ.
బయట గోడ మీద నవ్వుతున్న పైలట్ పోస్టరు.
వారానికోసారి దుమ్ముగాలి లేస్తుంది,
కుర్రాడి పళ్లు కిళ్లీ నమిలినట్టు ఎర్రబడతాయి.
నిచ్చెనేసుకుని వాటిని తుడవడానికి ఒక ఉద్యోగం ఉంది.

నాది లోపల. నేను తెలుగు గొంతుని.
రోజుకి ఆరు నిమిషాలు.
శనిగ్రహం చుట్టూ మంచు తవ్వే మనవాళ్లకి
నా మాట చేరడానికి గంటా ఇరవై నిమిషాలు పడుతుంది.
అది వాళ్ల చెవిన పడేసరికి
నేను టీ తాగి, కప్పు కడిగి,
రేపటి విజయం దిద్దుతూ ఉంటాను.

గోడకి మాటల పట్టిక ఉంది.
ఓడిపోయాం అనకూడదు, సర్దుకున్నాం అనాలి.
రేషన్ సగానికి కోసినప్పుడు
దానికో మంచి మాట కావాలన్నారు. నేనే ఇచ్చాను:
ఒంటిపూట.
శనివారం మనకి అలవాటే కదా,
అక్కడ రోజూ శనివారమే కదా అని నవ్వాను కూడా.
ప్రశంసాపత్రం వచ్చింది.
ఏ సొరుగులో ఉందో తెలుసు, ఆ సొరుగు తెరవను.

మొదటి రోజు రాసింది గుర్తుంది:
‘టైటన్ దగ్గర మనం గెలిచామట.’
యంత్రం ఎర్రగీత గీసింది.
మా అధికారిణి ట్రెగెన్జా, మర్యాదస్తురాలు,
కళ్లద్దాలు పైకి తోసి, ఈ చివరి అక్షరం ఏం చేస్తుంది అంది.
ఎవరో చెప్పగా విన్నాను, నేను చూడలేదు అని చెబుతుంది, అన్నాను.
అంటే అబద్ధమనా?
కాదు.
నిజమనా?
అదీ కాదండీ.
మరెందుకు, తీసేయ్, అంది.
తీసేశాను. పదకొండు నెలలు.

పక్క బల్ల బకానీ, తగలోగ్ గొంతు,
తమకీ ‘దావ్’ అని అలాంటిదే ఉందని, దానిమీదా గీత పడిందని చెప్పింది.
కోతపడ్డ అక్షరాల్ని ఇద్దరం క్యాంటీన్లో ఖర్చు పెట్టుకునేవాళ్లం.
సూపు బాగుందట.
రేపు వాన పడుతుందట.
బ్రోకెన్ హిల్‌లో వాన!

మా ముత్తాత డప్పు కొట్టి చాటింపు వేసేవాడట.
పన్ను పెరిగినా, కలరా వచ్చినా,
చివర్న ఇది ఫలానావారి హుకుం అహో అనేవాడట.
మాట మోశాడు గాని
నాదని ఎప్పుడూ అనలేదు.

నిన్న ఆక్సైడ్ వీధి లాండ్రీలో సన్యాసమ్మ
తడిచేతుల్తో నా దారికి అడ్డొచ్చింది.
‘బాబూ, పెట్టెలో మాటాడేది నువ్వేనంట గదా.
మా గౌరి ఎక్కిన టగ్గు బాగుందంట గదా.
పిల్లలంతా కులాసాగున్నారంట గదా.’
ఒక్కో మాటకీ ఆ తోక తగిలించి, ఆగి,
‘నువ్వు సూసేవా?’ అంది.

ఆ టగ్గు పేరు మూడు వారాలుగా
నా బల్ల మీద ‘సర్దుకున్నవి’ ఫైల్లో ఉంది.
లాండ్రీ ఆవిరి అద్దం మీద నీళ్లై కారుతోంది.
చొక్కాలు తీసుకున్నాను. చిల్లర తీసుకోలేదు.

రాత్రి ఎర్రలైటు వెలిగింది.
‘మన నౌకలన్నీ క్షేమంగా ఉన్నాయి’
చదివి, ఊపిరి తీసుకోవాల్సిన చోట
నాలుక అంగిటికి తగిలించి వదిలాను:
ట.
బల్లకి పెన్ను తగిలిన చప్పుడనుకుంది యంత్రం.

ఇంటికి పోలేదు. మెట్ల మీద కూర్చున్నాను.
గని తవ్వి పోసిన మట్టిగుట్ట మీద చుక్కలు.
ఏది మనదో ఏది వాళ్లదో వాటి మీద రాసిలేదు.
రెండు గంటల నలభై నిమిషాలకి
లోపలికెళ్లి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.
అవతల్నుంచి రోజూ వచ్చేది ఒక్కటే మాట, అందింది అని.
ఈ రాత్రి
‘అందిందట.’

ట్రెగెన్జా కోటు తొడుక్కుంటూ, ఏమన్నారు అంది.
అందిందన్నారు, అన్నాను.