పై బోల్టు ముందు

మెస్తియాలో ఇంకా మంచు దిగలేదు.
డెలికా వ్యాను కింద వెల్లకిలా పడుకుని ముర్జాకన్:
"పాత ఆయిలు వదిలేముందు
పోసే బోల్టు ఊడుతుందో లేదో చూసుకో.
అది మొరాయిస్తే కిందిదాని జోలికి పోకు."

నిరుడు చూసుకోలేదు నేను.
ఖాళీ గేర్‌బాక్సుతో పదకొండు రోజులు
ఉష్గులి దారిలో. ఆవులు వచ్చి అద్దాలు నాకేవి.

"టైరొకటి పగిలిందని కొత్తది ఒక్కటే కొనకు, ఎతూనా.
నాలుగింటి చుట్టూ దారం పెట్టి కొలువు.
వేలి మందం తేడా చాలు,
నడుమనున్న పెట్టె
రోజంతా తగువు తీర్చి తీర్చి మాడిపోతుంది."

కుట్టుపెట్టెలోని ఎర్ర దారం తెచ్చాను.
మూడు సరిపోయాయి.
నాలుగోదానికి రెండు కొసలూ కలవలేదు.

అతనేమీ అనలేదు. లాంతరు నా చేతికిచ్చి
పాత టైర్ల గుట్టకేసి నడిచాడు.
కొండ తెల్లబడుతోంది.
పై బోల్టు ఇంకా కదల్లేదు.