నలభై చెంచాలు

టెన్నిస్ మోచెయ్యంట నాకు.
ఆ ఆట టీవీలో కూడా చూసి ఎరగను.
పదకొండేళ్ళప్పుడు మా జేజి చేతికిచ్చిన బాడిసె,
ఆనాటి నుంచీ నర్ది చెక్క, కలివి చెక్క,
చెంచా, గరిటె, ఫోర్కు, మళ్ళీ చెంచా.
ఈ కుడిచెయ్యి ఆడిన ఆట అదొకటే.

రెండేళ్ళుగా
టీ గిన్నె ఎత్తితే సలుపు,
తడిగుడ్డ పిండితే సలుపు.
ఉప్పు కాపడం, పట్టీ, సూది.
సూది వేసిన నెల మాత్రం పండగ.

ఉదయగిరిలో తొలిబస్సు,
ఆత్మకూరులో ఇడ్లీ, నెల్లూరులో ఎండ.
పొగతోటలో ఒక మేడ మీద ఆ మిషను.
సిట్టింగుకు ఎనిమిదొందలు.
చెంచా ఇరవై లెక్కన నలభై చెంచాలు.
అయిదు సిట్టింగులంటే రెండొందలు,
చెక్కి చెక్కి చెడిన చేతికే మళ్ళీ.

ఆ పిల్ల పేరు హరిణాక్షి, కొండాపురం వాళ్ళంట.
చల్లటి జెల్లు రాసి, బొటనవేలితో
వెతుకుతా వెతుకుతా వొచ్చి ఒకచోట ఆగింది.
నేను చెక్కలో ముడి వెతికేది అట్టనే.
"ఈడేనా?"
ఈడే తల్లా. ఈడే.

టకటకటకటక
వడ్రంగిపిట్ట దిగింది ఎముక మీద.
రెండువేల దెబ్బలంట. లెక్కపెట్టబోయి
నూటపది కాడ అల్లాను తలుచుకున్నా.

"నొప్పికి మళ్ళీ దెబ్బలేంది పాపా?"
"పాత దెబ్బమ్మా ఇది. మాన్పీ మాన్పీ విసిగి
ఒళ్ళు దాన్ని వదిలేసింది.
కొత్తగా తట్టి లేపితే
మళ్ళీ అటు చూస్తుంది.
అందరికీ కాదు, చాలామందికి."
ఆ చివరిమాట చెప్పినందుకే నమ్మినా.

ఐసు వొద్దంది, నొప్పి మాత్ర వొద్దంది,
బాడిసె అసలే వొద్దంది.

మూడోవారం మిషను ఆపి
అటు తిరిగి, నాకు కనపడదనుకోని,
తన బొటనవేలు తనే పిసుక్కుంటా ఉంది.
పొద్దుగూకులూ ఊరందరి ముడులూ వెతికే వేలు.
"నీకెవురు కొడతారు పాపా?"
నవ్వింది. జవాబు లేదు.

నాలుగోసారికి తీసకపోయినా
గుప్పిట్లో ఇమిడే నర్ది గుండు,
ఒక కొసన వేలంత మొన.
"చెక్కొద్దన్నాను కదా మస్తాన్‌బీ!"
కుడిచెయ్యి చెక్కలేదమ్మా, ఎడమది చెక్కింది.
ఆ వంకర అందుకే.

తిప్పి తిప్పి చూసి,
దాన్ని నా మోచేతికి ఆనించి
మెల్లిగా నొక్కింది.
"ఈడేనా?"
కాదు. ఇంకొంచెం అవతల.
పోయినవారం ఉన్నచోట
లేదది.