అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు

విమానపురలో సన్నటి జల్లు.
కోరం లేదని మా సంఘం వార్షిక సమావేశం
అరగంట వాయిదా వేసి,
అదే హాల్లో, అవే కుర్చీల్లో,
అదే పద్దెనిమిది మందిమి మళ్ళీ కూర్చున్నాం.

ఆకాశంలో వైద్యం చేస్తానని
మా ఆవిడ చుట్టాలకు చెప్పుకుంటుంది.
నిజానికి మేం ఆకాశం జోలికి పోం.
ఒక చెవి, ఒక వెన్నుపూస, ఒక గుండె చప్పుడు.
పైకి వెళ్ళొచ్చా, లేదా. అంతవరకే మా సంతకం.

కోశాధికారిని కనక లెక్కలు చదివాను.
కొత్త జీవిత సభ్యులు నలుగురు,
చనిపోయిన జీవిత సభ్యులు ఇద్దరు.
ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వించాలని అనలేదు.

హాసన్ నుంచి వచ్చిన కుర్ర డాక్టరమ్మ
తెర మీద గీతలు చూపించింది:
గిరగిరా తిప్పే యంత్రంలో బరువు పెరిగేకొద్దీ
నెత్తురు కాళ్ళలోకి జారుతుంది,
ముందు రంగులు పోతాయి,
తర్వాత అంచులు,
తర్వాత చూపే పోతుంది.
వినికిడి మాత్రం ఇంకాసేపు ఉంటుంది.

తెలుసమ్మా.
ఇరవై రెండేళ్ళ కిందట ఆ కాసేపట్లో
"పలుకు కుశాలప్పా, పలుకు" అని
గాజు ఇవతలి నుంచి అరిచింది నేనే.
పలికాడు. దిగాడు. నవ్వాడు కూడా.
కాగితం మీద మాత్రం ఏడు చప్పుళ్ళు
తమ వంతు రాకముందే తోసుకొచ్చాయి.

"నువ్వు చూడకపోతే అవి ఉండేవి కావు కదా" అన్నాడు.
దానికి నా దగ్గర మందు లేదు.
ఫిట్ అనే మాటకి ముందు ఓ అరమాట చేర్చాను,
మనిషి మొత్తం నేలకి దిగాడు.

అప్పట్నుంచి ప్రతి నవంబర్లో
మడికేరి బస్సులో ఒక గోనెసంచి వస్తుంది.
ఐదు కిలోల కాఫీ గింజలు. ఉత్తరం ఉండదు.
ఈ హాల్లో వాయిదాకీ వాయిదాకీ మధ్య తాగేది అదే.
ఈ చేదు ఎవరిదో సభ్యుల్లో చాలామందికి తెలీదు.

ఈసారి సంచి మూతికి చీటీ కట్టాడు:
"సిల్వర్ ఓక్ మీద మిరియాల తీగ చూడ్డానికి
నిచ్చెనెక్కాను. ముప్పై అడుగులు.
కళ్ళు తిరగలేదు. ఫైల్లో రాసుకో."

"ఇంకేమైనా విషయాలున్నాయా?"
గడియారం చూసుకుంటూ అడిగారు అధ్యక్షులు.
చెయ్యెత్తాను.
మైకు నా దాకా వచ్చేలోపు
బయట ఒక విమానం లేచింది. అద్దాలు అదిరాయి.
పద్దెనిమిది తలలూ పైకప్పు వైపు లేచాయి.
అది వెళ్ళేదాకా ఆగి
చీటీ చదివాను.

కార్యదర్శి మినిట్స్‌లో రాసుకుంది:
ఎత్తు, ముప్పై అడుగులు. సభ ఆమోదించింది.
వెనక వరసలో ఒకాయన మాత్రం, అలవాటు చావక,
"దిగాక నాడి ఎంతుందట?" అన్నాడు.